క్షేమం మాస్టారు

పురుషోత్తం గారి చెవులు ఒకప్పుడు కోస్తా అంతటా పేరు మోసినవి. ఆకాశంలో ఉరుములు, పక్కింట్లో మిక్సీ, వీధి చివర వెల్డింగు షాపు, అన్నీ కలిసి రేడియోలో హోరెత్తిస్తున్నా, ఆ హోరు అడుగున సన్నగా కొట్టుకుంటున్న మోర్సు చుక్కల్ని బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుకునేవారు. తోటి హ్యాములు ఆయనవి పాము చెవులనేవాళ్లు. హ్యాములంటే మరేం లేదు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సొంతంగా కట్టుకున్న సెట్ల మీద ఊరూరా కబుర్లాడుకునే రేడియో పిచ్చివాళ్లు. వాళ్లలో ఎవరినీ ఆయన ఒక్కసారి కూడా "మళ్లీ చెప్పండి" అని అడిగి ఎరగరు. ఆ సంగతి ఆయనే నలుగురికీ చెప్పుకునేవారు కూడా.

ఇప్పుడు ఆయనకి డెబ్భై నాలుగు. వంటింట్లోంచి సీతారత్నం గారు మూడుసార్లు కేకేస్తే గానీ "ఆఁ" అనరు.

"నా మాటొక్కటే వినపడదు మీకు. సముద్రం అవతల ఎవడో టిక్కుటిక్కుమంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి" అని ఆవిడ సాధింపు. అందులో అబద్ధమేమీ లేదు.

బందరులో ఆయన మేడమీద గది ఇప్పటికీ అలాగే ఉంది. బల్ల మీద వాల్వుల రిసీవరు, వేడెక్కితే దుమ్ము కాలిన వాసన వేసేది. గోడ నిండా దేశదేశాల హ్యాములు పంపిన కార్డులు. కిటికీలోంచి బయటికి పోయి, పెరట్లో కొబ్బరిచెట్టు నుంచి వాటర్ ట్యాంకు దాకా సాగిన రాగి తీగ. దానిమీద కాకులు తప్ప ఇంకెవరూ కబుర్లాడటం లేదు. పాత మిత్రుల్లో సగం మంది పోయారు, మిగిలిన సగానికి సెల్‌ఫోన్లొచ్చాయి.

ఆ గదిలోకి ఒక బుధవారం మధ్యాహ్నం ఎస్తేరు వచ్చింది. చేతిలో స్టీలు టిఫిను డబ్బా.

ఎస్తేరు ఊళ్లోని పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతుంది. ఆమెకి పదకొండేళ్ల వయసులో సాల్డరింగు ఐరన్ పట్టుకోవడం నేర్పింది పురుషోత్తం గారే. ఇప్పుడు నలభై ఆరేళ్లొచ్చినా, ఆయన ముందు ఏదైనా కొత్త వస్తువు పెట్టేటప్పుడు అదే పదకొండేళ్ల మొహం.

"ఏంటమ్మా, పులిహోరా?" అన్నారాయన.

"మూత తీసి చూడండి, బాబాయిగారూ."

డబ్బాలో అరచేయంత కంప్యూటర్ బోర్డు ఒకటి, దానికి గుచ్చిన వేలెడంత రిసీవరు పుల్ల, నాలుగు రంగు వైర్లు. ఆమె దాన్ని ఆయన పాత ట్రాన్స్‌మిటర్‌కీ, ఏరియల్ తీగకీ తగిలించింది. బల్ల మూలనున్న మోర్సు కీని తుడిచి ఆయన ముందుకి జరిపింది.

"అప్పట్లో పొద్దున ఏడింటికి నెట్ తెరిచేవారు కదా. ఆ పిలుపు కొట్టండి. అప్పుడెలా కొట్టేవారో అలాగే."

నెట్ అంటే రోజూ ఒకే వేళకి కోస్తా హ్యాములందరూ కలుసుకునే గాలి మీది రచ్చబండ. దాన్ని ముప్పై ఏళ్లు నడిపింది పురుషోత్తం గారే. మైకు అందుకునే ముందు కీ మీద 'బందరు నుంచి అందరికీ శుభోదయం' అని ఒక చిన్న పిలుపు పిలిచేవారు. ఆయన వేళ్లు దారి మర్చిపోలేదు. పిలుపు పూర్తయింది. స్పీకరులో గరగర.

"ఎవరున్నారు పలకడానికి?" అన్నారు నవ్వుతూ.

"ఎనిమిది సెకన్లు ఆగండి."

ఎనిమిది సెకన్లయింది. గరగర కాస్త పలచబడింది. అందులోంచి నీళ్లలో మునిగిన గొంతులా ఒక గొంతు పైకి తేలింది.

"బందరూ, తెనాలి. శుభోదయమండీ. నిన్న మా ఏరియల్ తీగ మీద కోతులు ఉయ్యాలలూగాయి. మళ్లీ బిగించాను. ఎలా వినపడుతున్నాను?"

పురుషోత్తం గారు కుర్చీలో ముందుకి వంగారు. ఆ గొంతు తెనాలి హోమియో డాక్టరుగారిది. ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది.

"తెనాలీ, బందరు. ఫైవ్ నైన్, ఫైవ్ నైన్! కంచు గంటలా ఉన్నారు" అంది ఇంకో గొంతు. పొగరూ హుషారూ కలిసిన పడుచు గొంతు. అది తనదేనని గుర్తుపట్టడానికి ఆయనకి కాసేపు పట్టింది.

ఆ తర్వాత ఏలూరు పలికింది. ఒంగోలు రైల్వే గార్డుగారు పలికి, డ్యూటీకి టైమైందని గబగబా సెలవు తీసుకున్నారు. ఇంటి వెనక ఎవరో పిల్లాడు ఏడుస్తుంటే ఏలూరాయన మైకు వదలకుండానే వాణ్ని సముదాయించారు. పురుషోత్తం గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ ఆగలేదు. ఇంత సంతోషం ఆయనకి ఈమధ్య కలగలేదు.

చివర్లో మాట కాకుండా మోర్సు వచ్చింది. నిదానంగా, ప్రతి గీత చివరా కాస్త సాగదీస్తూ.

ఎస్తేరు ఆయన మోచేయి పట్టుకుంది. "ఇది నాన్నే కదూ?"

అవును, ఉప్పులంక స్కూలు మాస్టారు దైవసహాయం. లంకలో కరెంటు నిలకడ ఉండేది కాదు. కారు బ్యాటరీ మీద నడిచే ఆయన చిన్న సెట్టు మాటకి చాలేది కాదు గానీ మోర్సుకి సరిపోయేది. ప్రతి ఆపరేటరుకీ ఒక చెయ్యి ఉంటుంది, దస్తూరీ లాగే. మాస్టారి చెయ్యి తాపీగా బోర్డు మీద సుద్దముక్కతో రాసినట్టుండేది.

"ఏమంటున్నారు?"

"నిన్న ఎనభై మంది పిల్లలొచ్చారట. పక్కింటి చేపల పులుసు వాసనకి పాఠం సాగలేదట" అని చెబుతూ పురుషోత్తం గారు పకపకా నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది.

అంతలో గొంతులన్నీ గరగరలో కలిసిపోయాయి. మొత్తం నాలుగు నిమిషాలు.

"ఇదెలాగమ్మా?" అన్నారాయన కాస్త తేరుకున్నాక.

రేడియో తరంగాలు ఆకాశంలో పైపొరకి తగిలి కిందికి వస్తాయని బడిపిల్లలకి కూడా తెలుసు. ఆ పొరల్లో ఒక సందుందని, అందులో చిక్కుకున్న సిగ్నలు కిందికీ రాకుండా, చావకుండా, భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుందని ఎస్తేరు కనిపెట్టింది. అదే చేత్తో, అదే పిలుపు మళ్లీ పిలిస్తే అది కదులుతుంది. దాంతోపాటు ఆ నాలుగు నిమిషాల్లో ఆ చుట్టుపక్కల పలికినవన్నీ కలిసి కిందికి దిగుతాయి. ఈ సంగతి చెప్పడానికి ఆమెకి మూడు నిమిషాలు పట్టింది. కనిపెట్టడానికి ఆరేళ్లు పట్టింది.

"మళ్లీ పెట్టు. తెనాలాయన్ని ఇంకోసారి విందాం."

"రికార్డు చేశాను, ఎన్నిసార్లయినా వినొచ్చు. పైన మాత్రం ఇక లేదు. పిలిస్తే వస్తుంది, వచ్చేస్తే అయిపోతుంది."

ఆయన కిటికీలోంచి పైకి చూశారు. ఇన్నాళ్లూ పైన తిరుగుతున్న ఆ పొద్దుటిపూటని తానే దించేశానని కాస్త బాధ కలిగింది.

* * *

సీతారత్నం గారు ఎస్తేరుని భోజనం చెయ్యకుండా వదలరు. పీట వేసి, గోంగూర పచ్చడి వడ్డించి, "నువ్వు చిక్కిపోయావే" అని ప్రతిసారీ అనే మాట అన్నారు. ఎస్తేరు రెండు ముద్దలు తిని ఆగింది.

"బాబాయిగారూ, నాన్న చెయ్యి ఇప్పుడు బోర్డుకి వచ్చేసింది. ఆ నాలుగు నిమిషాలూ చాలు. అది నాన్నలాగే పిలవగలదు."

"ఎవర్ని పిలుస్తుంది?" అన్నారు పురుషోత్తం గారు మజ్జిగ పోసుకుంటూ.

"తుపాను రోజుని."

ఆయన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

ముప్పై అయిదేళ్ల కిందటి ఆ తుపానుకి ఉప్పులంకలో నలభై ఒక్కమంది పోయారు. స్కూలు భవనం గట్టిదని మాస్టారే ఊరందర్నీ అక్కడికి చేర్చారు. నీళ్లు లోపలికొచ్చాక అందరూ మేడెక్కారు. అర మైలు దూరంలో ఉప్పుమళ్ల గట్టు ఎత్తుగా ఉంది, తాడు పట్టుకుని అక్కడికి పోదామన్నారు కొందరు. మాస్టారు సెట్టు ముందు కూర్చుని బందరుతో మాట్లాడి, 'పడవలొస్తున్నాయి, కదలొద్దు' అని అందర్నీ ఆపారు. పడవలు రాలేదు. సాయంత్రం పోటుకి మేడ సగం కూలింది. మాస్టారూ పోయారు. ఆ తర్వాత విచారణలో పురుషోత్తం గారు విన్నది విన్నట్టు రాసుకునే రేడియో లాగ్‌బుక్కు బయటికి తీస్తే, అందులో ఆ ఊరి గురించి ఒక్కటే ముక్క ఉంది. 'ఉప్పులంక: స్కూల్లో అందరూ క్షేమం.' క్షేమమన్న ఊరికి పడవలు మూడోరోజు వెళ్లాయి.

"ఉప్పులంకలో నాన్నని ఏమంటారో మీకు తెలుసుగా" అంది ఎస్తేరు. "క్షేమం మాస్టారు. నేను క్షేమం మాస్టారి కూతుర్ని. అందర్నీ స్కూలుకి చేర్చిన తప్పు బయటపడకూడదని బందరుకి క్షేమమని కొట్టి, ఊళ్లోవాళ్లతో పడవలడిగానని అబద్ధమాడాడంటారు. అక్కడి చర్చికి వెళ్తే నా పక్కన ఎవరూ కూర్చోరు."

"పోనీలెద్దూ ఆ మాటలు" అన్నారు సీతారత్నం గారు.

"ఎలా పోనిస్తాను పిన్నిగారూ? బాబాయిగారు విన్నది బాబాయిగారు రాశారు. ఆయన చెవుల మీద నాకు అనుమానం లేదు. లేదు కాబట్టే నాన్న అలా ఎందుకు పంపారో నాకు అర్థం కాదు. అందుకే ఈ ఆరేళ్లూ." ఆమె పచ్చడి కలుపుతూ ఉండిపోయింది. "బోర్డు చేత నాన్నలాగా ఎస్.ఓ.ఎస్. కొట్టిస్తాను. ఆ ప్రమాదం పిలుపు నాన్న జీవితంలో ఎప్పుడైనా పంపి ఉంటే, ఆ ఒక్కరోజే పంపి ఉంటారు. నిజంగా క్షేమమనే చెప్పి ఉంటే జవాబు రాదు. అంతే, నేనిక ఆ మాట మర్చిపోతాను. వస్తే మాత్రం మీరు చదివి చెప్పాలి. అంత పాత సిగ్నలు సాగిపోయి, అతుక్కుపోయి వస్తుంది. దాన్ని చదవడం కంప్యూటర్ వల్ల కాదు. నాన్న చెయ్యి తెలిసినవాళ్లు మీరొక్కరే మిగిలారు. శనివారం మూడింటికి వస్తాను."

* * *

శుక్రవారం అంతా పురుషోత్తం గారు మేడ దిగలేదు. జ్వరమని చెబుదామా అనుకున్నారు. ఏరియల్ తీగ తెగిపోయిందని చెబుదామనుకుని, కటింగ్ ప్లయరు చేత్తో పట్టుకుని డాబా మీద పది నిమిషాలు నిలబడ్డారు కూడా. చివరికి ప్లయరు తీసుకెళ్లి డ్రాయరులో పడేశారు.

హ్యాముల్లో ఒక మర్యాద ఉంది. ఎలా వినపడుతున్నానని అవతలివాడు అడిగితే, సగం వినపడినా, అసలు వినపడకపోయినా, ఫైవ్ నైన్ అనే అంటారు. అంటే బ్రహ్మాండంగా ఉందని అర్థం. మోర్సులో అయితే వెనక ఇంకో తొమ్మిది. పెళ్లిభోజనం ఎలా ఉందని అడిగితే బాగుందని అనడం లాంటిదే. దానివల్ల ఎప్పుడూ ఎవరికీ నష్టం జరగలేదు.

తుపాను రోజున టెలిఫోన్లు పడిపోయాయి. సర్కారీ గుమస్తా ఒకాయన కాగితాలు పట్టుకుని పురుషోత్తం గారి భుజం మీద వాలిపోయి కూర్చున్నాడు. పదకొండు ఊళ్లు వరసలో ఉన్నాయి, ఒక్కొక్క ఊరిదీ విని పడవలు ఎటు పంపాలో తేల్చాలి. ఏడోది ఉప్పులంక. 'ఉప్పులంక' అన్న పేరు వినపడింది. తర్వాత 'స్కూలు' అన్న ముక్క. మిగిలిందంతా ఉరుముల్లో కలిసిపోయింది. మళ్లీ చెప్పమని అడగాలి. అడిగితే రెండు నిమిషాలు. ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. అవతల నాలుగు ఊళ్లు ఆగి ఉన్నాయి.

"ఉప్పులంక ఏమంటోందండీ?" అన్నాడు గుమస్తా.

స్కూలు గట్టిది, అందర్నీ అక్కడికి చేరుస్తున్నానని మాస్టారు ముందురోజే చెప్పారు. "స్కూల్లో అందరూ క్షేమం" అన్నారు పురుషోత్తం గారు. అని, కీ మీద మర్యాద కొట్టారు. ఎనిమిదో ఊరిని పిలిచారు.

ఎవరికీ చెప్పలేదు. మొదట్లో చెప్పాలని ఉండేది. ఏడాది గడిచాక, నిజంగా అలాగే విన్నానేమో అనిపించేది. పదేళ్లు గడిచాక, విన్నట్టే గుర్తుండిపోయింది. మనసు ఎంత సర్దుకుపోతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

సాయంత్రం సీతారత్నం గారు మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి కాఫీ తెచ్చారు. గ్లాసు బల్ల మీద పెట్టి, వెంటనే వెళ్లలేదు.

"ఆరోజు టీలు అందించింది నేనే. నాకూ గుర్తుంది ఆ ఉరుములు" అన్నారు. "మీరు విన్నారా?"

ఆయన కాఫీ గ్లాసు వైపే చూశారు.

"ఈ ముక్క నేను ముప్పై అయిదేళ్ల కిందటే అడగాల్సింది. అడగలేదు, నాదీ తప్పే" అని ఆవిడ నెమ్మదిగా దిగిపోయారు.

పిల్లల్లేని ఆ ఇంట్లో ప్రతి ఆదివారం తిని, తిరిగి, ఇల్లు తనదన్నట్టు మసలుకున్న పిల్ల ఎస్తేరు. ఆ పిల్ల మళ్లీ గుమ్మం తొక్కకపోతే ఎలా బతకాలో ఆయనకి తోచలేదు. జవాబు రాకూడదని మాత్రం పదిసార్లు కోరుకున్నారు.

* * *

శనివారం మూడింటికి ఎండ గదిలో సగం దాకా వచ్చింది. ఎస్తేరు వైర్లు బిగించింది. సీతారత్నం గారు ఎన్నడూ లేనిది పైకొచ్చి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. పురుషోత్తం గారి ముందు తెల్లకాగితం, పెన్సిలు.

"మొదలెడుతున్నాను" అంది ఎస్తేరు.

బోర్డు మాస్టారి చేత్తో మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు కొట్టింది. గీత చివర అదే సాగదీత. పోయిన మనిషి గదిలో కూర్చుని కొడుతున్నట్టే ఉంది. సీతారత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఒకటి. రెండు. మూడు. రాకూడదు, రాకూడదు, అనుకున్నారు పురుషోత్తం గారు. అయిదు. ఆరు. ఎస్తేరు కళ్లు మూసుకుంది. ఎనిమిది. గరగర. తొమ్మిది. గరగర తప్ప ఏమీ లేదు. ఆయన గుండెల మీంచి బండ దిగినట్టయింది.

పదో సెకనులో గరగర పలచబడింది.

మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు. అవి బోర్డు కొట్టినవి కావు. వాటిలో తొందర ఉంది, చలికి వణికిన చెయ్యి ఉంది.

ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. వెనకాల అవే ఉరుములు. కానీ ఈసారి వాటి అడుగున ప్రతి చుక్కా ఆయనకి వినపడింది. ముప్పై అయిదేళ్లు ఆలస్యంగా పాము చెవులు పనిచేశాయి. పెన్సిలు దానంతటదే కదిలింది.

"ఏమంటున్నారు బాబాయిగారూ?"

ఒక్క క్షణం ఆయన ఆగారు. ఈ గదిలో ఇది చదవగలిగింది తానొక్కడే. ఈ ఊళ్లో, ఈ జిల్లాలో కూడా. ఏం చెబితే అదే నిజం. సిగ్నలు చెడిపోయింది, అర్థం కావడం లేదన్నా చాలు. ఎస్తేరు నమ్ముతుంది. సాయంత్రం ఇక్కడే టీ తాగి వెళ్తుంది.

ఆయన తలెత్తితే తలుపు దగ్గర సీతారత్నం గారు తననే చూస్తున్నారు.

"ఉప్పులంక నుంచి బందరుకి" అని పైకి చదవడం మొదలుపెట్టారు. "స్కూల్లోకి నీళ్లొచ్చాయి. మేడమీద నూట ఆరుగురం. ముప్పై మంది చిన్నపిల్లలు. పడవలు పంపండి. నీళ్లింకా నడుము దాకానే ఉన్నాయి. పడవలు రాకపోతే ఇప్పుడే ఉప్పుగట్టుకి నడుస్తాం. వస్తాయా, రావా. అదొక్కటి చెప్పండి."

ఎస్తేరు ఏడవలేదు. "అడిగారు" అంది. "నాన్న అడిగారు. మరి క్షేమమని..." అని ఆగిపోయింది.

స్పీకరులో ఇంకో చెయ్యి మొదలైంది. వేగంగా, ధీమాగా, ఎక్కడా తడబడకుండా.

"ఇదెవరు?"

"నేను" అన్నారు పురుషోత్తం గారు. ముప్పై తొమ్మిదేళ్ల తన చెయ్యి అంత అందంగా ఉండేదని ఆయన మర్చిపోయారు. ఇప్పుడు దాన్ని విరిచెయ్యాలనిపించింది. "ఉప్పులంకా, బందరు. ఫైవ్ నైన్ నైన్. అంతా అందింది. ధైర్యంగా ఉండండి."

ఆయన ఎస్తేరు వైపు తిరిగారు.

"నాకేమీ అందలేదమ్మా. ఊరి పేరూ, స్కూలన్న ముక్కా. మిగిలింది నేను రాసుకున్నాను. మళ్లీ చెప్పమని అడగడానికి నామోషీ అయింది."

ఆమె నోరు తెరిచేలోపల మాస్టారి చెయ్యి మళ్లీ వచ్చింది. చుక్కలు నీరసించాయి. మధ్యలో ఆపడానికి వీల్లేదు, సిగ్నలు ఎవరికోసమూ ఆగదు. ఆయన చదివారు.

"బతికించారు. అయితే మేం కదలం, ఇక్కడే ఉంటాం. వీళ్లకి చెప్పాను, కాస్త తెరిపిన పడ్డారు. బ్యాటరీ అయిపోవస్తోంది. మా ఎస్తేరు మీ ఊళ్లోనే హాస్టల్లో ఉంది. గాలి తగ్గాక ఒకసారి చూసి రండి. ఉరుములంటే దానికి భయం."

గరగర కమ్మేసింది.

ఎస్తేరు స్పీకరు ఆపి అడిగింది. "తుపాను తగ్గిన వారానికి హాస్టలుకొచ్చారు మీరు. బిస్కెట్లు తెచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి ఇంటికి తీసుకొచ్చారు. నాన్న అడిగారనా?"

అవునంటే ఎంత బాగుండేది. "కాదమ్మా. ఆ మాట కూడా నేను వినలేదు. ఇవాళే వింటున్నాను. భయానికి వచ్చాను. నిన్ను చూస్తే తప్ప నిద్ర పట్టేది కాదు."

ఎస్తేరు లేచి వైర్లు ఒక్కొక్కటే ఊడదీసింది. బోర్డు డబ్బాలో పెట్టి మూత బిగించింది. మెట్ల దగ్గర, వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపు ఉప్పులంక వెళ్తున్నాను. మీరూ రండి. నేను చెబితే కూతురు కాబట్టి చెబుతోందంటారు."

* * *

ఆదివారం ఆరాధన అయ్యాక జనం చర్చి ముందు వేపచెట్టు నీడన ఆగారు. పాతిక మందికి పైనే ఉన్నారు. ఎస్తేరు రికార్డు పెట్టింది. ఏమీ అర్థం కాకపోయినా, మాస్టారి చెయ్యి అనగానే ముసలివాళ్లు దగ్గరికి జరిగారు. పురుషోత్తం గారు నిలబడి కాగితం చూసి చదివారు. మాస్టారు అడిగింది చదివారు, తాను ఇచ్చిన జవాబు చదివారు. వినకుండానే విన్నానన్నాను, మీ మాస్టారు అబద్ధమాడలేదు, ఆడింది నేను, అన్నారు. మాట ఎక్కడా మింగలేదు.

కొడతారనుకున్నారు. ఎవరూ కొట్టలేదు. ముందు వరసలో నాంచారమ్మ అనే ముసలామె కర్ర ఊతం చేసుకుని లేచింది. ఆ మేడమీద ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి అని ఎస్తేరు దారిలో చెప్పింది. ఆమె ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, మొహంలోకి చాలాసేపు చూసింది.

"ముప్పై అయిదేళ్లయ్యా" అంది. "పొద్దున లేస్తే మాట్టార్ని తిట్టుకున్నా. ఆయన సమాధి పక్కనించి పోతా ఉమ్మేసేదాన్ని. ఇప్పుడొచ్చి ఆయన కాదు, నేనంటన్నావు. నిన్ను తిట్టాలంటే మళ్లీ మొదట్నించీ మొదలెట్టాల. నాకంత వయసు లేదయ్యా."

నాంచారమ్మ ఎస్తేరు వైపు తిరిగి, కర్ర ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, ఖాళీ అయిన చెయ్యి చాపింది.

"పదమ్మా, మాట్టారి కాడికి తీసకపో. ఒక్కదాన్నే ఎల్లలేను."

ఎస్తేరు ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ముందు నడిచారు. జనం ఒక్కొక్కరే వాళ్ల వెనక సమాధుల వైపు కదిలారు. పురుషోత్తం గారిని రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ ఎవరూ అనలేదు. ఆయన కాసేపు అక్కడే నిలబడ్డారు. తర్వాత చెప్పులు విడిచి, అందరికంటే వెనకాల నడిచారు.